ఎగరాలనుంది, డబ్బు లేదు: ముందు నేల మీద ఏ ఉద్యోగం పట్టాలి?

పైలట్ కావాలనుకునే పిల్లల్లో ఎక్కువమందిని ఆపేది చదువు కాదు, కంటిచూపు కాదు, ఫీజు కాగితం. ఆ అంకె చూసి ఇంట్లో అందరూ కాసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. తర్వాత తెలిసినవాళ్లెవరో ఒక దారి చెబుతారు: "ముందు విమానాల దగ్గర ఏదో ఒక ఉద్యోగంలో చేరిపొమ్మనండి. అక్కణ్నుంచి మెల్లగా కాక్‌పిట్‌లోకి వెళ్లిపోవచ్చు." ఈ సలహాలో సగం మంచిదే. చిక్కంతా "ఏదో ఒక" అన్న చోట ఉంది.

రైట్ సోదరుల 1903 విమానానికి ఇంజను తయారుచేసింది చార్లీ టేలర్ అనే మెకానిక్. సుమారు ఆరు వారాల్లో చేసి పెట్టాడు. విమానానికి ఆయనకంటే దగ్గరగా మసిలిన మనుషులు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు? ఆయన పైలట్ కాలేదు. పేరుమోసిన అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ 1921లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఫీజు కోసం చేసిన పనుల్లో టెలిఫోన్ కంపెనీ ఉద్యోగం ఒకటి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రతనంలో మందుల షాపులో పనిచేసి పాఠాలకు డబ్బు కట్టాడు. 16వ పుట్టినరోజు నాటికే స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చింది, కారు లైసెన్సు ఇంకా రాలేదు. టెలిఫోన్ కంపెనీకీ మందుల షాపుకీ విమానాలతో చుట్టరికం లేదు. వాళ్లను పైకి లేపింది అక్కడ మిగిలిన డబ్బు, మిగిలిన సమయం.

అందుకే ఈ పోలికలో నేను వాడే కొలబద్ద ఒక్కటే: ఈ ఉద్యోగంలో ఉంటూ నెలకు ఎన్ని గంటలు గాల్లో ఉండగలను? విమానం ఎంత దగ్గరగా కనిపిస్తుందన్నది లెక్కలోకి రాదు. యూనిఫాం ఎలా ఉందన్నది అసలే రాదు.

ఆ గంటలు మూడు విషయాల మీద నిలబడతాయి. జీతంలో ఇల్లు గడిచాక మిగిలేది ఎంత. సెలవు రోజులు ముందే తెలుస్తాయా, లేక ముందురోజు రాత్రి ఫోనొస్తుందా. సెలవు రోజున ఒంట్లో నిద్ర మిగిలి ఉంటుందా. మూడోది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రాత్రి డ్యూటీ దిగి తెల్లారే పాఠానికి వెళ్లినవాడికి ఆ గంట ఖర్చే తప్ప చదువు కాదు, పైగా ప్రమాదం.

గంటల లెక్క

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, లైసెన్సులకు కనీస ప్రమాణాలు పెట్టింది. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు, 40 గంటలు. ఆమోదం పొందిన కోర్సులో అయితే 35. కమర్షియల్‌కు 18 ఏళ్లు, 200 గంటలు. ఆమోదిత కోర్సులో 150. పెద్ద విమానంలో కెప్టెన్ కుర్చీకి కావలసిన ఎయిర్‌లైన్ లైసెన్సుకు 21 ఏళ్లు, 1500 గంటలు. దేశాలు వీటిమీద తమ షరతులు కలుపుకుంటాయి. కనీసం అంటే కనీసమే. 40 గంటల్లో ప్రైవేట్ లైసెన్సు చేతికొచ్చేవాళ్లు తక్కువ, ముఖ్యంగా వాయిదాల మీద నేర్చుకునేవాళ్లలో.

వాయిదాల మీద నేర్చుకోవడంలోనే డబ్బు నీళ్లలా పోతుంది. నెలకు ఒక్క పాఠం తీసుకునేవాడు అందులో సగం పోయిన నెల పాఠం గుర్తు తెచ్చుకోవడానికే వాడతాడు. చేతులకు లాండింగ్ అలవాటు కావాలంటే వారానికి రెండు మూడుసార్లు ఎగరాలి. అందువల్ల ఏడాదంతా చిల్లరగా ఖర్చుపెట్టేకంటే, ఎనిమిది తొమ్మిది నెలలు కూడబెట్టి, సెలవు పెట్టి, ఒక్క గుక్కలో ఇరవై ముప్పై గంటలు పూర్తి చేయడం చౌక. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతం ఎంత అని అడిగినట్టే, వరసగా మూడు వారాలు సెలవిస్తారా అని కూడా అడగాలి.

ఇంకో చిన్న సంగతి. అద్దె విమానంలో చాలాచోట్ల బిల్లు హాబ్స్ మీటరు ప్రకారం వేస్తారు. ఇంజను తిరుగుతుంటే అదీ తిరుగుతుంది, చక్రాలు నేల మీదున్నా సరే. రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయంలో టేకాఫ్‌కి వరసలో నిలబడ్డ పావుగంట కూడా మీ జేబులోంచే. గంట రేటు కాస్త ఎక్కువైనా ఖాళీగా ఉండే చిన్న ఎయిర్‌ఫీల్డులో మొత్తం ఖర్చు తక్కువ తేలడం మామూలే.

అన్నిటికంటే ముందు మెడికల్

ఏ ఉద్యోగమైనా ఎంచుకునే ముందు క్లాస్ 1 వైద్య పరీక్ష చేయించుకోండి. కమర్షియల్ లైసెన్సుకు అదే తప్పనిసరి. ప్రైవేట్‌కు, గ్లైడర్‌కు (ఇంజను లేని విమానం) క్లాస్ 2. నేల మీద నుంచి రేడియోలో విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కు క్లాస్ 3. శిక్షణ ఖర్చు ముందు ఈ పరీక్ష ఫీజు ఒక లెక్కలోది కాదు. అయినా జనం దాన్ని చివరికి నెడతారు, ఎందుకంటే ఫెయిలవుతామేమోనని భయం. ఆ భయం ఇప్పుడు తీరితేనే మేలు. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరన్నది పుకారు. అద్దాలతో ఒక్కో కన్ను 6/9, రెండూ కలిసి 6/6 చూస్తే ఐకావో ప్రమాణానికి చాలు. రంగుల గుర్తింపు మాత్రం గట్టి మెట్టు. అక్కడ తేడా ఉంటే ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే అది కంట్రోలర్ దారికి కూడా అడ్డొస్తుంది.

మెయింటెనెన్స్ ఇంజనీరు

కింద చెప్పబోయే దారుల్లో పేరు ఎక్కువ వినిపించేదీ, ఎక్కువమంది పొరబడేదీ ఇదే. మొదటి పొరపాటు చేరేటప్పుడే జరుగుతుంది: ఏరోనాటికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, విమాన మెయింటెనెన్స్ లైసెన్సు రెండూ ఒకటే అనుకోవడం. డిగ్రీ డిజైన్ వైపు, పరిశోధన వైపు తీసుకెళ్తుంది. హ్యాంగర్‌లో, అంటే విమానాల షెడ్డులో, విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం పెట్టే అధికారం లైసెన్సుకే ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చదివి, సంతకం అధికారం లేదని అప్పుడు తెలుసుకోవడం చాలా ఖరీదైన పాఠం.

ఐకావో ప్రకారం లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, విమానాల మీద నాలుగేళ్ల పని అనుభవం ఉండాలి. ఆమోదిత శిక్షణ పూర్తి చేసినవాళ్లకు రెండేళ్లు చాలు. యూరప్ విధానంలోనూ, దాన్ని అనుసరించే దేశాల్లోనూ విభాగాలుంటాయి: ప్రయాణాల మధ్య విమానం ఆగినచోటే చేసే చిన్న చిన్న పనులకు ఏ, ఇంజన్లూ బాడీ లాంటి మెకానికల్ పనులకు బీ1, ఎలక్ట్రానిక్స్‌కు బీ2. పరీక్షలు మాడ్యూళ్లుగా రాసుకోవచ్చు. ఒకేసారి అంతా కట్టక్కర్లేదు. చేతిలో డబ్బులేనివాడికి ఇది పెద్ద వెసులుబాటు.

ఇక్కడి లాభం జ్ఞానం. హైడ్రాలిక్స్ ఎలా పనిచేస్తాయో చేతులతో విప్పి చూసినవాడికి పైలట్ సిలబస్‌లో సిస్టమ్స్ పేపర్లు మంచినీళ్ల ప్రాయం. జీతం మొదట్లో ఓ మోస్తరు. లైసెన్సు వచ్చి, టైప్ రేటింగ్, అంటే ఒక రకం విమానం మీద ప్రత్యేక అర్హత, పడ్డాక బాగా పెరుగుతుంది. నష్టం రాత్రి షిఫ్టు. విమానాలు పగలు డబ్బు సంపాదించి రాత్రి హ్యాంగర్‌కి వస్తాయి కాబట్టి లోతైన పని చీకట్లోనే జరుగుతుంది. పైగా అనుభవం లెక్క పూర్తయ్యేదాకా ఎగరడానికి డబ్బు మిగలదు. అంటే ఈ దారిలో మొదటి నాలుగైదేళ్లు ఆకాశాన్ని మరిచిపోవాలి.

పానా పట్టుకుంటే సమయం తెలియని మనిషికి నేను దీన్నే సూచిస్తాను. అలా కాని మనిషికి, కాక్‌పిట్ కోసం కళ్లు మూసుకుని చేసే పనిగా, అస్సలు సూచించను. మనసు పెట్టని మెకానిక్ సంతకం మీద ఇతరుల ప్రాణాలు ఎగురుతాయి.

ఫ్లైట్ డిస్పాచర్

తక్కువమందికి తెలిసిన ఉద్యోగం, నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ అంచనా వేసినది. విమానం ఏ దారిలో వెళ్లాలి, ఎంత ఇంధనం పోయాలి, గమ్యంలో వాతావరణం బాగా లేకపోతే ఎక్కడ దిగాలి, ఇవన్నీ తేల్చి పైలట్ చేతిలో పెట్టేది డిస్పాచరే. అమెరికా ఎయిర్‌లైన్ నిబంధనల్లో ఆ ప్రయాణ భద్రతకు కెప్టెన్‌తో సమానంగా డిస్పాచర్ కూడా బాధ్యుడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే విమానం బయల్దేరుతుంది.

అమెరికా నిబంధనల్లో ఆమోదిత కోర్సు కనీసం 200 గంటలు. నెలల చదువే, ఏళ్ల చదువు కాదు. అక్కడ సర్టిఫికెట్ చేతికి రావడానికి 23 ఏళ్లు ఉండాలి, రాత పరీక్ష 21కే రాయొచ్చు. ఐకావో కనీస వయసు 21. సిలబస్ చూడండి: వాతావరణం, నావిగేషన్, విమాన పనితీరు, బరువు-సమతుల్యం, చట్టం. ఎయిర్‌లైన్ పైలట్ థియరీ ఇంచుమించు ఇదే. జీతం తీసుకుంటూ ఆ థియరీనే రోజూ ఎనిమిది గంటలు వాడుతున్నట్టు. రోస్టరు, అంటే డ్యూటీల పట్టీ, చాలాచోట్ల ముందే వస్తుంది, వరస డ్యూటీల తర్వాత వరస సెలవులు ఉంటాయి. నా కొలబద్ద మీద ఇది బాగా తూగుతుంది.

లోటు ఏమిటంటే, ఉద్యోగాల సంఖ్య తక్కువ, అవి కూడా ఎయిర్‌లైన్ల ముఖ్య కార్యాలయాలున్న ఊళ్లలోనే. కొన్ని దేశాల్లో ఈ పనికి లైసెన్సే లేదు. కంపెనీ తనే నేర్పుకుంటుంది. అలాంటి చోట సొంత డబ్బుతో కోర్సు చేయడం వృథా. చేరే ముందు తెలుసుకోవాల్సింది ఇదే: మీ దేశంలో ఈ సర్టిఫికెట్ ఎవరు అడుగుతారు?

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్

డబ్బు పరంగా చూస్తే దీనికి పోటీ లేదు. చాలా దేశాల్లో ఎంపికైతే శిక్షణలోనే జీతం మొదలవుతుంది, తర్వాత వచ్చేది ఎగరడం అనే ఖరీదైన సరదాని భరించగల జీతం. షిఫ్టుల పట్టీ ముందే తెలుస్తుంది. రేడియోలో మాట్లాడటం గురించి కొత్త పైలట్లకు ఉండే బెరుకు మీకు ఉండనే ఉండదు, ఎందుకంటే ఆ అవతలి గొంతు మీదే.

ఇంత మంచిదైతే అందరూ ఇటే పోరా అంటే, తలుపు ఇరుకు. ఎంపిక పరీక్షల్లో ఎక్కువమంది రాలిపోతారు, శిక్షణ మధ్యలో ఇంకొందరు. వయసు పరిమితి కూడా ఉంటుంది: అమెరికాలో కొత్తవాళ్లు 31 నిండకముందే దరఖాస్తు పెట్టాలి, 56కి దిగిపోవాలి. ఐకావో ప్రకారం లైసెన్సుకు కనీసం 21 ఏళ్లు. కాబట్టి ఇరవైల్లో ఉన్నవాళ్లు ముందు ఈ తలుపు తట్టి, తెరుచుకోకపోతే మిగతావి చూడాలి. వరస తిరగేస్తే వయసు దాటిపోతుంది.

ఒక హెచ్చరిక, కాస్త సరదాగానే. కంట్రోలర్ అయ్యాక పైలట్ ఉద్యోగానికి మారాలంటే జీతం తగ్గించుకోవాల్సి రావచ్చు, కనీసం మొదటి కొన్నేళ్లు. అందుకని చాలామంది మారరు. వారాంతంలో చిన్న విమానం ఎగరేసుకుంటూ, వారం రోజులు తెర ముందు కూర్చుంటారు. దాన్ని ఓటమి అనుకునేవాళ్లు ఈ దారికి రావద్దు.

క్యాబిన్ క్రూ

సొంత ఖర్చు దాదాపు లేదు, శిక్షణ కొన్ని వారాలు, కంపెనీయే ఇస్తుంది. అందుకే అందరి చూపూ ముందు ఇటే పడుతుంది. బయట కొందరు ఏడాది కోర్సు పేరుతో ఫీజు వసూలు చేస్తారు. కంపెనీ మళ్లీ తన శిక్షణ తను ఇచ్చుకుంటుంది కాబట్టి ఆ ఫీజు విమాన పాఠాలకు దాచుకోవడం నయం.

రోజూ విమానంలోనే ఉంటారు, పైలట్లతోనే తిరుగుతారు, ఎయిర్‌లైన్ ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూస్తారు. ఏ సంస్థ కొత్త పైలట్లను తీసుకుంటోంది, ఏ స్కూలు పేరు చెడింది, ఈ కబుర్లు అందరికంటే ముందు వీళ్ల చెవిన పడతాయి. కానీ క్యాబిన్‌లో గడిపిన వేల గంటల్లో ఒక్క గంట కూడా పైలట్ లాగ్‌బుక్‌లోకి ఎక్కదు. రోస్టరు మారుతూ ఉంటుంది, టైమ్ జోన్లు నిద్రను చెడగొడతాయి. జీతంలో పెద్ద వాటా ఎగిరిన గంటల భత్యం కాబట్టి, పాఠాల కోసం మూడు వారాలు సెలవు పెడితే ఆ నెల ఆదాయం కూడా పడిపోతుంది. రెండు మూడేళ్లు గడువు పెట్టుకుని, ఖర్చు బిగించి, కూడబెట్టి బయటపడేవాళ్లకు పనికొస్తుంది. గడువు పెట్టుకోనివాళ్లకు పదేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

మిగతావి, క్లుప్తంగా

చెక్-ఇన్ కౌంటరు, సామాను ఎక్కించే ర్యాంప్ పని: చేరడం సులువు, జీతం చిన్నది, అలసట పెద్దది. ఉద్యోగులకిచ్చే చౌక టికెట్లు బాగుంటాయి. ఎగరే గంటలు మాత్రం రావు.

డ్రోన్ పైలట్: ఖర్చు తక్కువ, పొలాల్లో సర్వేల్లో పని దొరుకుతోంది. ఆ గంటలు విమాన లైసెన్సుకు లెక్కలోకి రావు. దీన్ని ఒక సంపాదన మార్గంగా చూస్తే మంచిదే, మెట్టుగా చూస్తే మోసపోతారు.

సైన్యం: శిక్షణకు మీరు కట్టేది సున్నా, మీకే జీతమిస్తారు. బదులుగా ఏళ్లు ఇస్తారు. అమెరికా వైమానిక దళంలో పైలట్ శిక్షణ ముగిశాక 10 ఏళ్లు సేవ చేయాలి. యూనిఫాం కింద జీవితం ఇష్టమైతే ఇంతకంటే మంచి శిక్షణ దొరకదు. ఫీజు తప్పించుకోవడానికి మాత్రమే వెళ్లేవాళ్లను ఎంపిక బోర్డు ఇట్టే పసిగడుతుంది.

నేరుగా పైలట్ శిక్షణలోకే దిగితే

ఇక్కడా రెండు రకాలు. ఒకే స్కూల్లో మొదలు నుంచి చివరి దాకా నడిచే ఇంటిగ్రేటెడ్ కోర్సు త్వరగా ముగుస్తుంది, ఒకేసారి మొత్తం డబ్బు అడుగుతుంది. మాడ్యులర్ అయితే ముక్కలు ముక్కలుగా: ముందు ప్రైవేట్ లైసెన్సు, తర్వాత గంటలు పోగుచేయడం, కమర్షియల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి ఎగరే అర్హత), రెండింజన్ల విమానం. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకు మాడ్యులరే దారి. ఎయిర్‌లైన్‌తో ముడిపడ్డ మల్టీ-క్రూ లైసెన్సు అనే మూడోది 2006లో ఐకావో తెచ్చింది. 240 గంటలు, అందులో ఎక్కువ సిమ్యులేటర్‌లో. ఆ ఎయిర్‌లైన్ మధ్యలో చేతులెత్తేస్తే ఆ సగం లైసెన్సుతో ఒంటరిగా ఎగరే పని దొరకదు. అప్పు చేసి చేరేవాళ్లు ఈ మాటను రెండుసార్లు చదవాలి.

మాడ్యులర్ దారిలో అందరూ మరిచిపోయే ఉద్యోగం ఒకటుంది: ఇన్‌స్ట్రక్టర్. కమర్షియల్ లైసెన్సు మీద ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేర్చుకుంటే, అప్పటిదాకా గంటకింత అని కట్టినవాడికి గంటకింత అని వస్తుంది. 200 నుంచి 1500కి వెళ్లే పొడవాటి దారి సొంత డబ్బుతో నడిచేది కాదు. చాలామంది దాన్ని విద్యార్థుల పక్క సీట్లో కూర్చునే దాటుతారు.

థియరీ విషయంలో తొందరపడొద్దు. పుస్తకాలు చౌక కాబట్టి ముందు పరీక్షలన్నీ రాసేద్దామని ఉబలాటం కలుగుతుంది. పాసైన ఫలితాలకు గడువుంటుంది: అమెరికాలో ప్రైవేట్, కమర్షియల్ రాత పరీక్షలకు 24 నెలలు. యూరప్‌లో కమర్షియల్, ఇన్‌స్ట్రుమెంట్ వాటికి 36 నెలలు. ఆలోపు ఎగరడానికి డబ్బు సమకూరకపోతే మళ్లీ రాయాల్సిందే. చదవడం ఎప్పుడైనా మొదలుపెట్టండి, హాల్ టికెట్ మాత్రం బ్యాంకు ఖాతా చూసి తీసుకోండి.

గ్లైడర్: ఈ లోపు ఎగరడానికి

పైన చెప్పిన ఏ దారిలోనైనా నిజంగా ఎగరే రోజు ఏళ్ల దూరంలో ఉంటుంది. ఆ మధ్యలో కోరిక వాడిపోకుండా ఉండేందుకు నాకు తెలిసినంతలో చౌకైనది గ్లైడర్ క్లబ్. ఇంజను లేదు కాబట్టి ఇంధనం ఖర్చు లేదు. సభ్యులే తాడు లాగుతారు, విమానం తోస్తారు, పాఠాలు చెప్పుకుంటారు. ఐకావో కనీసం 16 ఏళ్లు, 6 గంటలు. అందులో 2 గంటలు ఒంటరిగా, 20 టేకాఫ్-లాండింగ్‌లతో. అమెరికాలో 14 ఏళ్లకే ఒంటరిగా ఎగరనిస్తారు. ఈ గంటల్లో కొన్నింటిని పవర్ లైసెన్సుకు లెక్కేసే దేశాలున్నాయి, ఎన్ని అన్నది అక్కడి నిబంధన.

గ్లైడర్‌ని ఆటబొమ్మ అనుకునేవాళ్లు 1983 జూలై 23న కెనడాలో జరిగింది తెలుసుకోవాలి. ఇంధనం కొలతల్లో పౌండ్లు, కిలోల గందరగోళం వల్ల ఒక బోయింగ్ 767 ఆకాశం మధ్యలో పూర్తిగా ఆరిపోయింది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కి గ్లైడర్ల మీద చెయ్యి తిరిగి ఉంది. గిమ్లీలో మూసేసిన పాత వైమానిక స్థావరం మీద ఆ పెద్ద విమానాన్ని దించాడు. 69 మందీ బతికారు.

నేనైతే ఎలా ఎంచుకుంటాను

ఇరవై ఏళ్లుండి, రంగుల పరీక్ష పాసై, ఒత్తిడిలో తల చల్లగా ఉండేవాళ్లు ముందు కంట్రోలర్ పరీక్ష రాయాలి. అది కాకపోతే, సర్టిఫికెట్‌కి గిరాకీ ఉన్న దేశంలో డిస్పాచర్. చేతి పని మీద ప్రేమ ఉంటే వీటికంటే ముందే మెయింటెనెన్స్. ఇంటికి వెంటనే జీతం తేవాల్సిన పరిస్థితి ఉంటే క్యాబిన్ క్రూ, గడువు రాసిపెట్టుకుని. విమానాలతో సంబంధం లేని మంచి ఉద్యోగం ఇప్పటికే చేతిలో ఉంటే దాన్ని వదలొద్దు. శనాదివారాలు ఖాళీగా ఉండే ఆఫీసు ఉద్యోగి, హ్యాంగర్‌లో రాత్రంతా మేలుకునేవాడికంటే ముందు కాక్‌పిట్ చేరడం వింతేమీ కాదు.

వయసు గురించి కంగారు పడేవాళ్లకు ఒక లెక్క. ఇద్దరు పైలట్ల అంతర్జాతీయ ఎయిర్‌లైన్ విమానాల్లో 65 దాకా ఎగరొచ్చు. 32 ఏళ్లకు మొదటి ఎయిర్‌లైన్ ఉద్యోగం వచ్చినా ఇంకా 33 ఏళ్లు మిగిలాయి. అప్పు లేకుండా 32కి చేరడం, మెడ దాకా అప్పుతో 22కి చేరడం, ఈ రెంటిలో ఏది మేలో మీ ఇంటి పరిస్థితి చెప్పాలి. రెండో దాంట్లో ఇంకో చిక్కుంది: లైసెన్సు చేతికొచ్చిన ఏడాది ఎయిర్‌లైన్లు మనుషుల్ని తీసుకోవడం ఆపేస్తే వడ్డీ ఆగదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా అదే చూసింది. హ్యాంగర్ లైసెన్సో డిస్పాచ్ సర్టిఫికెట్టో చేతిలో ఉన్నవాడికి వెనక్కి తిరిగి రావడానికి ఒక చోటుంటుంది.

చివరగా ఫీజు కట్టే పద్ధతి. ఏ దారి ఎంచుకున్నా, ఫ్లయింగ్ స్కూలుకి మొత్తం డబ్బు ముందే కట్టకండి, ఎంత తగ్గింపు ఇస్తామన్నా సరే. స్కూళ్లు మూతపడతాయి, విమానాలు నెలల తరబడి విడి భాగాల కోసం ఆగిపోతాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎయిర్‌లైన్లకు వెళ్లిపోతారు. ఎగిరిన గంటలకు ఎగిరాక కట్టండి, లేదా ఐదారు గంటలకు మించి ముందు కట్టకండి. చేరే ముందు రోజు ఒకసారి అక్కడికి వెళ్లి, ఆఫీసులోకి కాకుండా విమానాలు నిలిపే చోటికి నడవండి. ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయో లెక్కపెట్టండి. అక్కడ కూర్చున్న విద్యార్థిని, పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావని అడగండి.